సుభద్ర వాళ్ళ అక్షరాల బండ

మా చిన్నప్పుడు... పక్కింటి సుభద్ర వాళ్ళ పెరట్లో బట్టలుతికే బండ అరిగిపోయిందని నలుగురు గడ్డపారలతో తిరగేస్తుంటే, నేను గోడెక్కి కూర్చుని దాని కింద తేలు ఉండాలని మొక్కుకున్నాను. తేలు లేదు... అక్షరాలున్నాయి.

మాది కడప వైపు ఊరు. ఊరి వెనక గుట్ట మీద కూలిన కోట. ఏ రాజులదో మాకు తెలియదు కానీ, ఏ రాయి ఎవరింటికి పనికొస్తుందో బాగా తెలుసు. గడపకొకటి, మెట్టుకొకటి, ఉతకడానికొకటి... కోట మొత్తం మెల్లగా గుట్ట దిగి మా ఇళ్ళలో కాపురం పెట్టింది.

కబురందుకుని శాసనాలు చదివే ఆఫీసరొకాయన వచ్చాడు. తడి కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, మసి అద్ది, అచ్చు తీశాడు. కోట కట్టకముందు ఆ గుట్ట మీద జైనుల గుడి ఉండేదట! దాని దీపానికి గానుగ ఆడించే ఆవిడెవరో నూనె ఇచ్చిందట!

ఆ రోజు నుంచి సుభద్ర నడకే మారింది. బండ చూడాలంటే మనిషికొక జామకాయ.

"నువ్వు మాత్రం రెండు తేవాల" అంది నాతో.

"నాకెందుకే రెండు?"

"కుళ్ళుకుంటాండావు కాబట్టి."

నిజం ముఖం మీద చెప్పేవాళ్ళు నాకప్పుడూ గిట్టరు... ఇప్పుడూ గిట్టరు. నేను వెళ్ళలేదు.

మా బండా తిరగేయించాను. జెర్రులు తప్ప చరిత్ర లేదు. మేకు పట్టుకుని మూడు రోజులు నేనే అక్షరాలు చెక్కాను. ఆఫీసరు మళ్ళీ వచ్చినప్పుడు నీళ్ళు పోసి చూసి, "ఈ రాజుగారు మన రెండో తరగతి వాచకం చదివినట్టున్నారే పాపా!" అన్నాడు. ఊరంతా నవ్వింది. సుభద్ర అందరికంటే ఎక్కువ.

మర్నాడే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. "అత్తా, పాడుబడిన గుడి రాయి మీద ఉతికిన గుడ్డలు కట్టుకుంటే ఇంటికి అరిష్టమంట. మా జేజి చెప్పింది."

నాయనమ్మ పాపం ఏమీ చెప్పలేదు.

వారం తిరక్కుండా ఆ బండ వాళ్ళ కొత్త కొట్టం పునాదిలోకి పోయింది... అక్షరాలు కిందికి. మట్టి పోస్తుంటే సుభద్ర ఏడ్చింది. నేను గోడ మీదే ఉన్నాను... జామకాయ తింటూ. అది ఎందుకో రుచించలేదు.

ఇప్పుడు ఒమన్‌లో కూతురి దగ్గరుంటున్నాను. మొన్న శుక్రవారం బహ్లా కోటకు తీసుకెళ్ళారు. ఉత్త మట్టి కోట... ఎంత అపురూపంగా నిలబెట్టుకున్నారో! చెయ్యి ఆనించబోతే కాపలా మనిషి, "అమ్మాజీ, గోడ ముట్టుకోవద్దు" అన్నాడు హిందీలో. మేం ఇంటికే పట్టుకెళ్ళేవాళ్ళం నాయనా అనబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మొహం అట్లయిపోయింది, ఎండ దెబ్బేమో అత్తమ్మా?" అన్నాడు అల్లుడు.

"ఎండ కాదు నాయనా... కుళ్ళు."

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ వాషింగ్ మెషిన్. ఆ కొట్టం మీద రెండంతస్తులు లేచాయట. సుభద్రా, నువ్విది చదువుతావని తెలుసు. ఆ మాట జేజిది కాదే, నాదే. ఊరంతా చూసిన ఆ అక్షరాలను దగ్గరగా చూడనిది నేనొక్కదాన్నే... రెండు జామకాయలకు మొహం చెల్లక.

మీ పెరట్లో పాత బండ ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. ఏముందో ఈ పోస్టు కింద రాయండి... కుళ్ళుకుంటాను, కానీ ప్రతి అక్షరం చదువుతాను.