ఓబులన్న ఎర్ర గిటారు

పోయిన వారం విరుదునగర్‌లో ఒక కల్యాణ మండపంలో సౌండ్ సరిచూసుకుంటుండగా మైకు నా కింది పెదవికి తగిలింది. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. అంతే. మెడలో వేలాడుతున్న బేస్ గిటారు తీగల మీద నుంచి రెండు చేతులూ ఎత్తేసి వెనక్కి జరిగాను. పక్కనున్న కొత్త గాయకుడు "మైకు ముద్దు పెట్టుకుందా?" అని తమిళంలో పరిహాసమాడాడు. నాకు నవ్వు రాలేదు.  మండపం ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి వైర్లన్నీ విప్పి బిగించేదాకా మళ్లీ స్టేజీ ఎక్కలేదు. ఇంటికి వచ్చాక తట్టింది, ఆ కుర్రవాడు ఓబులన్నను చూసి ఉండడని. ఇప్పుడు మా ప్రాంతంలో వాయిస్తున్నవాళ్లలో చాలామంది చూసి ఉండరు.

ఓబుల్‌రాజ్ ఆయన పేరు. కోవిల్‌పట్టిలో పెళ్లిళ్లకూ గుడి ఉత్సవాలకూ సినిమా పాటలు పాడే ఒక ఆర్కెస్ట్రాలో పాటకు అడుగున గంభీరంగా మోగే బేస్ గిటారు వాయించేవాడు. మాలాగే వాళ్లదీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అందుకే మా తెలుగులో "కదా" అనేచోట "తానే" అంటాం. నేను నాగలాపురం దగ్గర నల్లరేగడి పల్లె నుంచి కోవిల్‌పట్టికి కాలేజీ చదువుకు వచ్చి, ఆ ఆర్కెస్ట్రాలో కోరస్ పాడే పిల్లగా చేరాను. ఓబులన్న పొడుగ్గా, వంగిన భుజాలతో, ఎప్పుడూ స్పీకరు పెట్టెకు ఆనుకుని నిలబడే మనిషి. జనం గాయకుణ్ణి చూస్తారు, డ్రమ్స్ వాయించేవాణ్ణి చూస్తారు, కీబోర్డు మీది వేళ్లను చూస్తారు. బేస్ వాయించేవాణ్ణి ఎవరూ చూడరు. ఆయన కూడా ఎవరినీ చూసేవాడు కాదు. కళ్లు సగం మూసుకుని, గిటారు మెడను చంటిపిల్ల చేతిని పట్టుకున్నట్టు మెత్తగా పట్టుకుని వాయించేవాడు. అది పాత ఎర్ర గిటారు. అంచుల్లో రంగు లేచిపోయి లోపలి చెక్క కనిపించేది.

ఒకసారి ఏళాయిరంపన్నై ఉత్సవానికి వ్యానులో వెళ్తున్నాం. సామాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని నాలో నేను కూనిరాగం తీస్తున్నాను. ముందు సీటులోంచి ఆయన వెనక్కి తిరిగాడు. అంతవరకూ నాతో పట్టుమని రెండు మాటలు మాట్లాడలేదు.

"గోమతీ, నువ్వు పాడతా ఉండేది ఏం పాట?"

పాట పేరు చెప్పాను.

"కాదు. ఆ పాటలో నేను వాయించేది తానే నువ్వు పాడతా ఉండావు? పాట పాడు చూస్తాం."

నోరు తెరిచాను. పల్లవి రాలేదు. కింద నడిచే ఆ బరువైన స్వరాలే వచ్చాయి. నాకే ఆశ్చర్యం వేసింది. ఏ పాట విన్నా నా చెవి అడుగుకు దిగిపోతుందని అంతవరకూ నాకు తెలియదు. వ్యానులో అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "రేపు ఇంటికి రా" అన్నాడు.

ఇల్లు రైలు పట్టాల దగ్గర. మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. మొదటి రోజు నేను వెళ్లేసరికి ఆయన భార్య కస్తూరక్క పెద్దగా అరుస్తోంది. పాతబడి మొద్దుబారిన గిటారు తీగల్ని నీళ్లలో ఉడకబెడితే మళ్లీ గట్టిగా మోగుతాయి. ఓబులన్న ఆ పనికి ఆమె పులుసు చట్టిని వాడాడు. "చూడు పాపా, ఈయప్ప తీగలు ఉడకేసినాడు. రేత్రికి పులుసులో ఇనుము నములుకోవాల!" అంటూనే నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో నా వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. ఆయన ఎక్కువ చెప్పేవాడు కాదు. నేను ఉత్సాహంగా స్వరాలు కుమ్మరిస్తుంటే ఒక చేత్తో తీగలు మూసేసేవాడు. "వాయించేది కొంచం. వినేది జాస్తి. పాడేవాడు ఊపిరి తీసుకునేచోట నువ్వేంటికి మాట్లాడతావు?" అనేవాడు. ఆ మాటకు నేను ఎన్నోసార్లు అలిగాను. ఇప్పుడు నాతో వాయించేవాళ్లు నన్ను మెచ్చుకునేది ఆ ఒక్క విషయానికే.

ఒక అలవాటు మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. ఏ స్టేజీ మీదికి వెళ్లినా గిటారు తీయకముందే ఆయన గిటారు శబ్దం పెంచే ఆంప్ పెట్టె వెనకా, మైకుల దగ్గరా టెస్టరు పెట్టి చూసేవాడు. తర్వాత మైకును చేతి వెనక భాగంతో తాకేవాడు. మా కీబోర్డు వాయించే ఆయన దీన్ని "ఓబులు పూజ" అని ఎగతాళి చేసేవాడు. ఓబులన్న పట్టించుకునేవాడు కాదు.

విరుదునగర్‌లో ఒక పెళ్లి రిసెప్షన్. ఆయన తన ఎర్ర గిటారు ఇచ్చి నన్ను కార్యక్రమాల్లో ఒకటి రెండు పాటలకు బేస్ వాయించనిస్తున్న రోజులవి. ఆడపిల్ల మెడలో గిటారు చూసి జనం వేళ్లు చూపించుకుంటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ సాయంత్రం కూడా ఆయన తన పూజ చేశాడు. అప్పుడు అంతా జనరేటరు మీద నడుస్తోంది. కరెంటు వచ్చాక మండపంవాళ్లు మాకు చెప్పకుండా స్టేజీలో సగం వైర్లను వేరే ప్లగ్గుకు మార్చారు. ఆంప్‌కి ఒక లైను, మైకులకు ఇంకో లైను అయ్యాయి. రెండు లైన్లకూ తేడా ఉంటే గిటారు తీగనూ మైకునూ ఒకేసారి తాకినవాళ్ల ఒంట్లోంచి కరెంటు పారుతుంది. అది మాకు ఆ తర్వాతే తెలిసింది.

నా పాట మొదలైంది. వాయిస్తూనే కోరస్ అందుకోవడానికి మైకు మీదికి వంగాను. పెదవి తగిలింది.

ఆ తర్వాత జరిగినదాన్ని వర్ణించమంటే ఇప్పటికీ సరైన మాటలు దొరకవు. ఎవరో వెనకనుంచి నా దవడను ఇనుప చేత్తో పట్టుకుని కుదిపేస్తున్నట్టుంది. ఎడమచేతి వేళ్లు తీగల మీద బిగుసుకుపోయాయి. వదలాలి అనుకుంటున్నాను. చేయి నా మాట వినడం లేదు. అరవాలనుకుంటున్నాను. గొంతు లేదు. ఎదురుగా పట్టుచీరలు, పిల్లలు, ఐస్‌క్రీం కప్పులు. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి.

ఓబులన్న నన్ను పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే ఆయనా అంటుకుపోయేవాడు. ఒక్క అంగలో వచ్చి గిటారుకు గుచ్చి ఉన్న కేబుల్‌ని రబ్బరు దగ్గర పట్టి లాగేశాడు. తీగకూ ఆంప్‌కూ సంబంధం తెగింది. నేను వెనక్కి పడిపోయాను. తల కింద ఆయన చెయ్యి ఉంది.

పెదవి కాలింది. ఎడమచేతి వేళ్ల మీద తీగల గుర్తులు నల్లగా పడ్డాయి. ఆసుపత్రిలో డాక్టరు గుండె పరీక్ష చేసి బాగానే ఉందన్నాడు. బయట బల్ల మీద ఓబులన్న తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.  కస్తూరక్క వచ్చి ఆయన్ని చూసి, నా దగ్గరికి రాకుండా ముందు ఆయన దగ్గరికే పోయింది. దెబ్బ తగిలింది నాకైతే ఆమె ఆయన్ని ఓదారుస్తోందేమిటా అనుకున్నాను.

మా నాయన వచ్చి నన్ను ఊరికి తీసుకుపోయాడు. ఇక గిటారు ముట్టనని ఇంట్లో నేనే చెప్పాను. కొద్దిరోజులకు ఓబులన్న బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. భుజాన గిటారు సంచి. నాయన ముఖం మాడ్చుకున్నాడు కానీ కూర్చోమన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన మజ్జిగ తాగి, చెంబు పక్కన పెట్టి, నాతో కాక మా నాయనతో మొదలుపెట్టాడు.

"మామా, ఈ గిటారు నాది కాదు. నా తమ్ముడిది. వాడు దీన్ని పట్టుకునే సచ్చిపోయె."



తమ్ముడి పేరు వెంకటేశు. తూత్తుకుడి దారిలో ఒక ఊరి ఉత్సవంలో వాయిస్తున్నాడట. ఓబులన్న అప్పుడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. సంగీతం ఆయనకు ఏమీ రాదు. తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్లి స్టేజీ ముందు నిలబడ్డాడు.

"వాడు ఊగతా ఉండె. తల అట్లా ఇట్లా ఆడతా ఉండె. జనమంతా ఈల వేస్తా ఉండారు. డాన్సు ఆడతాండాడని నేననుకుంటిని మామా." ఆయన ఆగాడు. "నేను చప్పట్లు కొడ్తిని."

  నెలల తరబడి నేను గుండెకు ఆనించి పట్టుకున్నది ఆ చెక్కనే. నా వేళ్లు బిగుసుకున్నచోటే అతని వేళ్లూ బిగుసుకున్నాయి.

మొదట తేరుకుంది అమ్మ. "సావు పట్టిన దాన్ని నా బిడ్డ మెడలో వేస్తివా? మళ్లీ నా ఇంట్లోకే తెస్తివా?" అని లేచి నిలబడింది.

"దీనిది ఏం తప్పమ్మా?" అన్నాడు ఓబులన్న, గొంతు ఎత్తకుండానే. "దీన్ని బాయిలో పారేయమని మా ఇంట్లోనూ చెప్పిరి. పారేస్తే ఏమైతాది? తప్పు చేసిన వైరు ఆడనే ఉంటాది. ఇంకొకడు వచ్చి ముడతాడు. వాడు వాయించే పని సగంలో నిలిచిపోయె. నాకు ఇంకేం చేయాల్నో తెలియలే. నేను నేర్చుకుంటిని."

 నాయన, "ఇది ముందే చెప్పకుండా ఏంటికి దాస్తివి?" అన్నాడు.

"చెప్పింటే ముట్టి ఉంటాదా?" అని నావైపు చూశాడు. "ఇప్పుడు చెప్పేసినా. వస్తే రానీ. రాకుంటే నేనేం అనుకోను." అని సంచి భుజాన వేసుకుని, ఎండలో బస్సు ఆగేచోటికి నడిచి వెళ్లిపోయాడు.

నాకు కోపం వచ్చింది. భయం కన్నా కోపమే ఎక్కువ. నాకు తెలియకుండా నన్ను ఒక చావుకు అంత దగ్గరగా ఎలా నిలబెట్టాడు? ఆ విషయంలో ఆయన చేసింది సరైనదని నేను ఇప్పటికీ అనలేను. కానీ కోపం చల్లారేకొద్దీ నా మనసు వేరే దానిమీదికి పోయింది. ఆ కేబుల్ లాగిన చేయి. అక్కడున్న ఏ ఒక్కరికీ ఏం జరుగుతోందో తెలియని సమయంలో ఆ చేయి ఒక్క రవ్వ కూడా తడబడలేదు. అంటే, తమ్ముడు పోయిన రోజు నుంచీ ఆయన మనసులో ఆ చేయి ఆ కేబుల్‌ని లాగుతూనే ఉండి ఉంటుంది. ప్రతి స్టేజీ మీదా, ప్రతి పాటలోనూ. కళ్లు సగం మూసుకుని ఎవరినీ చూడడనుకున్నానే, ఆయన మా అందరినీ చూస్తూనే ఉన్నాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడు నేను పత్తిచేలో గట్టు మీద ఉన్నాను. ఎడమచేతి వేళ్ల మీది నల్ల గుర్తులు చూసుకున్నాను.

వేళ్ల మచ్చలు మానాక కోవిల్‌పట్టి బస్సెక్కాను. అమ్మ నాతో మాట్లాడలేదు. నాయన బస్సుదాకా వచ్చి, "టెస్టరు ఒకటి కొనుక్కో" అన్నాడు. ఓబులన్న తలుపు తీసి, నన్ను చూసి, గిటారు తెచ్చి చేతికిచ్చాడు. ఆ తర్వాత మేమిద్దరం ఎన్నో ఊళ్లు కలిసి తిరిగాం. తమ్ముడి సంగతి ఆయన ఇంకెప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. మెల్లగా ఆయన వాయించడం తగ్గించి నన్నే పూర్తిగా వాయించనిచ్చాడు. తర్వాత మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. మంచం మీద ఉన్నప్పుడు కూడా, "నిన్న ఏం పాటలు? యాడ ఊపిరి తీసుకునిరి?" అని అడిగేవాడు. ఒక వానాకాలం ఉదయం పోయాడు.

ఆయన తల్లి లక్కమ్మవ్వ ఊళ్లో చిన్నకూతురి దగ్గర ఉండేది. కొడుకు పోయాక కస్తూరక్కకు తోడుగా కోవిల్‌పట్టి వచ్చింది. ముడతలు పడిన చిన్న మనిషి. కళ్లు సరిగ్గా కనపడవు. నేను ఆమెతో అంతవరకూ మాట్లాడింది లేదు. కర్మకాండలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం కస్తూరక్కను చూసిరావడానికి వెళ్లాను. అవ్వ నా చేయి పట్టుకుని వేళ్ల కొసలు తడిమింది. గట్టిపడిన చర్మం తగిలింది కాబోలు, ఆగింది.

"దాన్ని బాయిలో పారేయమన్నది నేను తానే" అంది. "పెద్దోడు నా మాట వినలే. దాన్ని ఇంట్లో మోగించినన్ని దినాలూ నేను వాడి ఇంట్లో అన్నం తినలే."

 కస్తూరక్క ముఖం తిప్పుకుంది.

"తీసుకరా" అంది అవ్వ.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "ఏం అవ్వా?"

"ఆ గిటారు. వాయించు. నేనెప్పుడూ వినలే."

చావు జరిగిన ఇల్లు. ఇరుగుపొరుగు ఏమంటారోనని కస్తూరక్క వైపు చూశాను. ఆమె లేచి వెళ్లి తలుపు ఓరగా మూసి, లోపలి నుంచి ఎర్ర గిటారు తెచ్చి నా చేతికిచ్చింది. ఆంప్ లేకుండా బేస్ గిటారుకు శబ్దం దాదాపు ఉండదు. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తీగ గీసుకున్నట్టే వినిపిస్తుంది. అందుకని అవ్వ అరచేతిని తీసి గిటారు చెక్కకు ఆనించాను. అన్నిటికన్నా లావు తీగను మెల్లగా మీటాను. ఆమె వేళ్లు అదిరాయి. చేయి మాత్రం తీయలేదు. ఆయన నేర్పినట్టే, ఊపిరి తీసుకునేచోట ఆగుతూ, ఒక పాటంతా వాయించాను.

ఇప్పుడు కార్యక్రమం లేని మధ్యాహ్నాల్లో వెళ్తుంటాను. అవ్వ చాప మీద కూర్చుని చేయి చాస్తుంది. ఈ మధ్య ఆమెకు జ్ఞాపకం కాస్త అటూ ఇటూ అవుతోంది. మొన్న అరచేయి చెక్క మీద పెట్టి, కాసేపు విని, "వాయించేది ఎవరు? పెద్దోడా, చిన్నోడా?" అని అడిగింది.

"నేను అవ్వా, గోమతిని."

"తెలుసులే" అంది. "ఆపొద్దు, వాయించు."