గొడుగు పాటలో ఎడమ చెయ్యి

ఆ వీధిలో చొక్కా ఎడమ చేతి పట్టీ ముడతలు పడి కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. గొడుగు పాటకి పడింది కాబోలు అనుకొని ఎవరి దారిన వాళ్లు పోతారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం చొక్కా పట్టుకొని ఇస్త్రీ పిన్ని కొట్టు ముందు నిలబడి కాసేపు దెబ్బలాడతారు. ఆ తర్వాత వాళ్లూ అలవాటు పడి, ఎడమ చెయ్యి పైకి మడిచి తిరుగుతారు.

సంగతేమిటంటే, పిన్ని ఇస్త్రీ చేసేది గడియారం చూసి కాదు, పాటను బట్టి. డెబ్బైల మొదట్లో ఊళ్లన్నీ ఊగిపోయిన పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. పాట ముందు వచ్చే వాయిద్యాలకి కాలరు. పల్లవికి వీపు. మొదటి చరణానికి ముందు వైపు రెండు రెక్కలు. రెండో చరణం ఎత్తుకుంటే చేతులు, అందులోనూ ఆఖరి రెండు లైన్లకి ఎడమ చేతి పట్టీ. మళ్లీ పల్లవి అందుకునేసరికి చొక్కా మడతలో ఉండాలి. హుషారు పాటలు నూలు బట్టలకి, ఏడుపు పాటలు నిదానంగా సాగుతాయి కాబట్టి పట్టుబట్టలకి. ఆ వీధిలో పెళ్లిబట్టలన్నీ ఏడుపు పాటలకే ఇస్త్రీ అయ్యాయి. ఆ సంసారాలన్నీ బాగానే ఉన్నాయి.

ఒక్క గొడుగు పాట దగ్గరే తిరకాసు. ఆ పాటలో ఒక కుర్రాడు, వాన పడేలా ఉంది, నా గొడుగు కిందికి వస్తావా అని ఒక పిల్లని అడుగుతాడు. పిల్ల మొదటి చరణంలో ఎవరైనా చూస్తారేమో అంటుంది. రెండో చరణంలో మబ్బు చూస్తే భయం, నిన్ను చూస్తే ఇంకా భయం అంటుంది. ఆ పైన 'ఠక్' అని ఒక చప్పుడు. వెంటనే కుర్రాడు మళ్లీ, వస్తావా అని పల్లవి అందుకుంటాడు. ఇంకేముంది, ఎడమ చేతి పట్టీకి పాట లేదు. పాట లేకపోతే పిన్ని చెయ్యి ఆడదు.

ఆ 'ఠక్' ఆమె భర్త పుణ్యం. ఆయన్ని అందరూ మైకు బాబాయ్ అంటారు. ఇస్త్రీ కొట్టుకీ మైకు సెట్టు కొట్టుకీ మధ్య ఒకటే గోడ, రెంటి మీదా ఒకటే రేకు. ఆ రేకు మీద ఒకప్పుడు గుమ్మడికాయంత నోరున్న లౌడుస్పీకరు ఉండేది. పొద్దున బాబాయ్ రికార్డు పెట్టాడంటే వీధిలో ఇంకెవరి రేడియోకీ నోరు పెగిలేది కాదు. గొడుగు పాట రికార్డు మీద గీత ఒకటి పడి, రెండో చరణంలో ముల్లు ఇరుక్కుపోయేది. పిల్ల 'ఇంకా భయం, ఇంకా భయం, ఇంకా భయం' అని భయపడుతూనే ఉండేది. బాబాయ్ వేలి కణుపుతో రికార్డు ప్లేయరు పెట్టె మీద ఠక్కున తట్టేవాడు. ముల్లు ఒక్క గెంతు గెంతి పల్లవిలో పడేది.

వీధి మొత్తం ఆ పాటని అలాగే నేర్చుకుంది. ఎదురు కొట్టు టైలర్ ఆ చోటికి రాగానే కత్తెరతో బల్ల మీద కొట్టేవాడు. బడిపిల్లలు పలకల మీద, ఇళ్లలో ఆడవాళ్లు గిన్నెల మీద కొట్టేవాళ్లు. సినిమాలో చూద్దామా అంటే అక్కడ రెండో చరణమే కత్తిరించేశారు. కాబట్టి పాటంటే అదే, 'ఠక్'తో సహా.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి, పెద్ద పెద్ద సౌండు కంపెనీలు వచ్చాయి, బాబాయ్ మైకు మూలపడింది. ఇల్లు గడిచింది ఇస్త్రీ పెట్టె మీదే. ఆ మాట పిన్ని ఎన్నడూ అనలేదు, బాబాయ్ ఎన్నడూ ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే తన మైకుని మెత్తటి గుడ్డతో తుడిచి, మీద రుమాలు కప్పి, దుకాణం నడుస్తున్న యజమానిలా కాలు మీద కాలేసుకొని కూర్చుంటాడు.

పిన్నికి మాత్రం కడుపులో ఒక కోరిక ఉండిపోయింది. ఒక్కసారి మైకులో పాడాలి. మైకులున్న ఇంట్లో కాపురం చేస్తూ ఇన్నేళ్లలో ఒక్కసారీ పాడలేదు. పెళ్లైన కొత్తలో అడిగితే బాబాయ్, "ఉమ్ము పడితే పాడైపోతుందే" అన్నాడు. పిల్లలు పుట్టాక అడిగితే, "పాడుదువుగాన్లే, తొందరేముంది" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. కోరిక మాత్రం పోలేదు, పాట వచ్చినప్పుడల్లా గొంతులోకి వచ్చి కూర్చునేది.

అందుకే వీధి సంఘంవాళ్లు హాల్లో డెబ్బైల తొలినాటి హిట్ పాటల సాయంత్రం పెడుతున్నారనీ, టైలర్ పిన్ని పేరు ఇచ్చేశాడనీ తెలిసినప్పుడు ఆమె పైకి, "నీకేం పనీపాటా లేదా అన్నయ్యా" అని కసిరింది గానీ, ఆ రోజు చొక్కాలన్నీ హుషారు పాటలకే పడ్డాయి. ఏ పాట అని అడిగితే ఆలోచించకుండా గొడుగు పాట అంది. మగగొంతు వంతు కూడా తనే పాడతానంది. బాబాయ్ గొంతు పాటకి పనికిరాదు, అది వీధికంతా తెలుసు.

ప్రాక్టీసుకి హాలుకి బ్యాండువాళ్లు వచ్చారు. అందరూ చిన్నవాళ్లు. వాళ్లకి నాయకురాలు కీబోర్డు వాయించే అమ్మాయి. పిన్ని చెంగు నడుముకి దోపుకొని గొంతు విప్పింది. గొంతు బాగుంది. వయసు మీద పడ్డా శ్రుతి చెదరలేదు. కీబోర్డు అమ్మాయి తల ఊపుతూ వాయిస్తోంది. 'ఇంకా భయం' దాకా వచ్చి, పిన్ని వేలి కణుపుతో కుర్చీ మీద ఠక్కున కొట్టి పల్లవిలోకి దూకింది. వాయిద్యాలు ఎక్కడో వెనక చిక్కుపడి ఆగిపోయాయి.

"అమ్మమ్మగారూ, రెండు లైన్లు వదిలేశారండీ" అంది అమ్మాయి.

"పిన్నీ అను చాలు. ఏ లైన్లు?"

"మీరు ఠక్ అని కొట్టారు చూడండి, అక్కడ."

"అది పాటలోదేగా?"

డ్రమ్స్ కుర్రాడు తల వంచుకొని భుజాలు కదిలేలా నవ్వు ఆపుకున్నాడు. అమ్మాయి నవ్వలేదు. ఫోను తీసి అసలు పాట వినిపించింది. అదే గొంతు, అదే భయం, అక్కడ చప్పుడు లేదు. పాటలోని పిల్ల ఆగకుండా ఇంకో రెండు లైన్లు పాడింది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ పాటలన్నీ నోటికి వచ్చని వీధిలో తల ఎగరేసుకు తిరిగింది. నోటికి వచ్చింది సగం పాటా! ఇస్త్రీ పెట్టె ఆపి వచ్చానో లేదో అని గొణిగి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయటపడింది.

ఇంటికి వెళ్లేసరికి బాబాయ్ మైకు తుడుచుకుంటున్నాడు.

"ఏమయ్యా, గొడుగు పాటలో ఇంకో రెండు లైన్లున్నాయట."

"ఉండవు. తర్వాత ఎవరో అతికించి ఉంటారు. ఫోన్లలో ఏదైనా అతికిస్తారు."

"అదే గొంతయ్యా!"

"గొంతులు కూడా అతికిస్తున్నారు. నాకు వినిపించకు." బాబాయ్ రెండు చెవులూ మూసుకున్నాడు. "నా రికార్డు కంటే మంచి రికార్డు ఈ చుట్టుపక్కల ఉండేదా?"

"మంచి రికార్డే! అంత మంచిదైతే పెట్టె మీద తట్టడమెందుకు, మీ నాన్న నేర్పాడా?"

"మా నాన్న జోలికి రాకు."

"నీ రికార్డు పుణ్యమా అని ఆ చిన్నపిల్లల ముందు నా పరువు గంగలో కలిసింది. నేను పాడను. పేరు కొట్టేయమని చెప్పేస్తా." అంటూనే పిన్ని గొంతు వణికింది. కోపంతో అనుకొని ఊరుకుందామంటే కళ్లు ఊరుకోలేదు.

బాబాయ్ చెవుల మీంచి చేతులు తీశాడు. స్టూలు ఎక్కి, అటక మీంచి ఒక అట్టపెట్టె దించి, అందులోంచి ఆ నల్లటి రికార్డు తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. గీత సన్నగా మెరిసింది.

"ఇది వచ్చిన రోజే పడింది" అన్నాడు. "మొదటిసారి పెట్టాను. పాట సగంలో ఉంది. మీ అమ్మతో కలిసి బట్టల మూట మోసుకుంటూ అటువైపు ఎవతో వెళ్లింది. తల తిప్పి చూశాను. మోచెయ్యి ముల్లుకి తగిలింది."

"ఎవతో ఏమిటి, మా అమ్మతో వెళ్లింది నేనేగా?"

"నువ్వే."

"అయితే ఇన్నాళ్లకి నేరం తెచ్చి నా నెత్తిన పెడతావా!" అంది పిన్ని. అనేసి, మొహం అటు తిప్పుకుంది. తిప్పుకున్న మొహం మీద నవ్వు ఉంది, అది ఆయనకి కనపడకూడదు.

"ఆ వారమంతా నీకోసమే పెట్టాను ఆ పాట" అన్నాడు బాబాయ్. "వస్తావా వస్తావా అని వాడు అడుగుతూనే ఉండేవాడు. ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు మాత్రం ఏం తెలుసు? ఇంతకీ వస్తానందా, రానందా?"

పిన్ని ఇప్పుడు ఇటు తిరిగింది. మైకు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది.

"మైకు ఇస్తే చెబుతా" అంది.

మర్నాడు కీబోర్డు అమ్మాయి బ్యాండు వాళ్ల కోట్లు ఇస్త్రీకి వేసే వంకతో కొట్టుకి వచ్చింది. ఆ వంక పిన్నికి అర్థమైంది, అమ్మాయి మీద ముచ్చటేసింది. గోడవతల బాబాయ్‌కి వినపడకుండా ఇద్దరూ గుసగుసగా పాడుకున్నారు. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉంటే మాత్రం ఎంత పాడినా లాభం లేకపోయింది. 'ఇంకా భయం' దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే గెంతేస్తోంది, చేతి వెనకాలే పాట. చివరికి పెట్టె పక్కన పెట్టి, చేతులు కట్టుకొని నేర్చుకుంది.

పాటల సాయంత్రానికి హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకున్నారు. బాబాయ్ ఉతికిన చొక్కా తొడుక్కొని, ఎడమ చెయ్యి అలవాటుగా పైకి మడిచి, బుట్టలో తన మైకు పెట్టుకొని వచ్చాడు. సౌండువాళ్లు దాన్ని చూసి మొహమొహాలు చూసుకున్నారు. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యేలోపు కీబోర్డు అమ్మాయి వైరు తగిలించి చూసింది. ఖంగుమని పలికింది.

పిన్ని పేరు పిలిచారు. స్టేజీ మీదికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. బాబాయ్ ఎదురుగా నిలబడి, మైకు మీది రుమాలు తీసి జేబులో పెట్టుకొని, మైకు ఆమె చేతికిచ్చాడు. ఇచ్చి, చెప్పకుండా ఉండలేక, "దూరంగా పెట్టుకొని పాడు" అన్నాడు. వెళ్లి సౌండు పెట్టె పక్కన నిలబడ్డాడు.

పల్లవికే హాలు ఊగింది. మొదటి చరణానికి అందరూ గొంతు కలిపారు. ఇన్నేళ్లుగా కలిసి నేర్చుకున్న పాట, ఎవరు ఊరుకుంటారు? రెండో చరణం వచ్చింది. మబ్బు చూస్తే భయం. నిన్ను చూస్తే ఇంకా భయం. హాలంతా ఒక్కసారిగా కుర్చీ చేతుల మీద ఠక్కున కొట్టి, వస్తావా అంటూ పల్లవిలోకి దూకింది. బల్ల లేదు కాబట్టి టైలర్ తన మోకాలి మీద కొట్టుకున్నాడు.

పిన్ని దూకలేదు.

దూకినవాళ్లు ఒక మాట పాడి, రెండో మాట నోట్లో ఉండగానే నోరు వెళ్లబెట్టి ఆగిపోయారు. హాల్లో ఒక్క గొంతే మిగిలింది. 'వస్తాలే గానీ గొడుగు పిడి నా చేతికియ్యి, దారి నీ ఇష్టం, తడిసినా నీతోనే' అని ఆ గొంతు తొణక్కుండా పాడింది. పాడుతున్నప్పుడే పిన్నికి తన చేతిలో ఇప్పుడు మైకు పిడి, ఇన్నేళ్లూ ఇస్త్రీ పెట్టె పిడి ఉన్నాయని తట్టింది. మూలన బాబాయ్ కుడి చెయ్యి అలవాటు కొద్దీ సౌండు పెట్టె మీదికి లేచింది, కణుపు వంగింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పాట అయ్యింది. చప్పట్లకంటే ముందే మూలనుంచి, మైకు లేకుండానే హాలంతటికీ వినపడేలా, పాటకి పనికిరాని ఆ బొంగురు గొంతు పలికింది.

"ఇంకోసారి పాడవే!"

హాలు గొల్లుమంది. పిన్ని సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి మళ్లీ పాడింది. ఈసారి ఆ చోట ఎవరూ కొట్టలేదు. బాబాయ్ జేబులోంచి రుమాలు తీసి, మైకు కోసం తెచ్చిన దానితో ముక్కు తుడుచుకున్నాడు.

రెండు రోజుల తర్వాత టైలర్ మడత విప్పిన చొక్కా పట్టుకొని రోడ్డు దాటి వచ్చాడు.

"చెల్లెమ్మా, మారిపోయినట్టుంది. ఇది నా చొక్కా కాదు."

"ఎందుకు కాదన్నయ్యా? బొత్తాలు నువ్వు కుట్టినవేగా?"

"బొత్తాలు నావే" అన్నాడు టైలర్ అయోమయంగా. "ఎడమ చెయ్యి చూడు, అద్దంలా ఉంది."

పిన్ని తల ఎత్తలేదు. పెట్టె ఇంకొకళ్ల చొక్కా కుడి చేతి మీంచి ఎడమ చేతి మీదికి నెమ్మదిగా వెళుతోంది.

"నీదేలే, తీసుకెళ్లు" అంది. "పాటలో ఆ చెయ్యి కూడా ఉందట. మనమే ఇన్నాళ్లూ వినలేదు."