ఫేషియల్ అని చెప్పాను

ఇన్నేళ్లూ ఇది నాలోనే ఉంది. పనిలో పడితే మరిచిపోతాను. ఎవరి ముఖం మీదైనా చిన్న తెల్లమచ్చ కనబడితే చాలు, ఆ రోజు మళ్లీ కళ్లముందుకొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను నర్సును. మాది భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఊరు. కోర్సు అయ్యాక ఖమ్మంలో ఒక నర్సింగ్ హోంలో కొన్నాళ్లు చేశాను. అక్కడికి వచ్చిపోయే ఒక మేడమ్ బ్యూటీ క్లినిక్ నడిపేది. "నొప్పి తెల్వకుండ సూది వేస్తవట గదా, నా దగ్గరికి రా" అంది. జీతం ఎక్కువ. వెళ్లాను. హైదరాబాద్‌లో ఒక హోటల్ హాల్లో రెండు రోజుల శిక్షణ ఇప్పించింది. బుగ్గలు గుంటలు పడినా, ముక్కు వంకర పోయినా చర్మం కిందికి జెల్ ఎక్కించి సరిచేయడం. ఫిల్లర్ అంటారు. క్లినిక్ బయట బోర్డు మీద ఒక డాక్టరు పేరు ఉండేది. ఆయనను నేనెప్పుడూ చూడలేదు.

ఆ శిక్షణలో ఒక సంగతి చెప్పారు. జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం తెల్లబడుతుంది, అప్పుడు దాన్ని కరిగించే మందు వెంటనే వేయాలి, ఆ మందు దగ్గర లేకుండా ఎవరికీ సూది వేయొద్దు. బుద్ధిగా తలూపాను. మా ఫ్రిజ్‌లో ఫేస్‌ప్యాకులూ మంచినీళ్ల సీసాలూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఒకసారి అడిగాను. తెచ్చిపెడితే డేట్ అయిపోయి పారేయడమే అంది మేడమ్. మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదు? భయమా? లేక, నా చేతిలో అలాంటిది జరగదన్న గర్వమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

షాహీన్ ఆ రోజుల్లోనే వచ్చింది. నాకంటే పెద్దది, ఆపా అని, అంటే అక్కా అని పిలిచేదాన్ని. బజారు వెనక గల్లీలో జాకెట్లకు మగ్గం వర్క్ చేసేది. చిన్నప్పుడు మెట్ల మీద పడి ముక్కు దూలం నొక్కుకుపోయింది. భర్తకు చెప్పకుండా వచ్చింది. పడుకోబెడుతుంటే, "నాదీ సూది పనే చెల్లె, నీ చెయ్యి వణకది, నాకు తెలుస్తుంది" అని నవ్వింది.

నిజంగానే నా చెయ్యి వణకలేదు.

సూది బయటికి తీస్తుండగానే ముక్కు కొన సున్నం పూసినట్టు తెల్లబడింది. చూస్తుండగా ఆ తెలుపు పైకి పాకింది. ఆపా కళ్లు గట్టిగా మూసుకుని, మంటగా ఉందంది. అదేమిటో నాకు తెలుసు. మేడమ్ వచ్చి చూసి, వేడి గుడ్డ పెట్టి పంపించెయ్ అంది. గట్లనే ఉంటది ఆపా, రేపటికి తగ్గుతది అని చెప్పి ఆటో ఎక్కించాను.

మర్నాడు ఆమె ముక్కు మీద, బుగ్గ మీద ఊదారంగు గీతలు వల పరిచినట్టు లేచాయి. భర్త కంగారుపడి పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాడని ఆపా ఫోన్‌లో చెబితే నేనూ పరుగెత్తాను. దారిలో మేడమ్ ఫోన్ చేసింది. సూది వేసింది నువ్వే, పేరు బయటికొస్తే నీదే వస్తది అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

చర్మం డాక్టరు కుర్రవాడు. ఆమె ముఖాన్ని లైటు వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"ముక్కుకు ఏమన్న చేయించుకున్నరా?"

ఆపా నా వైపు చూసింది. పక్కనే భర్త నిలబడి ఉన్నాడు.

"ఫేషియల్ చేసినం సార్" అన్నాను.

"పక్కానా? సూది ఏమన్న వేస్తే చెప్పండి. ఇంకా టైముంది, దానికి మందుంది."

"లేదు సార్. ఫేషియలే."

ఆయన ఇంకో క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత అది ఏదో వైరస్ వల్ల లేచిందనుకుని దానికి మందులు రాశాడు. బయట వరండాలో ఆపా నా చెయ్యి పట్టుకుని, భర్త వినకుండా, "నా ఇజ్జత్ కాపాడినవ్ చెల్లె" అంది.

వారం తిరక్కుండా ముక్కు కొన నల్లబడింది. తర్వాత ఆ ముక్క రాలిపోయింది.

ఇలాంటి సూదులు వేసే అర్హత ఎవరికి ఉండాలని జనం వాదించుకోవడం వింటుంటాను. డాక్టర్లకేనా, పళ్ల డాక్టర్లకు కూడానా, నర్సులకు ఇవ్వొచ్చా అని. నాకు సూది వేయడం వచ్చు, ప్రమాదాన్ని గుర్తుపట్టడమూ వచ్చు, అయినా ఆ గదిలో నిలబడే అర్హత నాకు లేదు, ఎందుకంటే తప్పు జరిగితే సరిదిద్దే మందు నా దగ్గర లేదు, నేనే చేశానని చెప్పే నోరు కూడా లేదు. చదువు తక్కువై ఆ పని జరిగిందని అనుకుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కానీ నేను తెలిసే చెప్పాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పాను.

ఆ నెలలోనే మానేశాను. ఇప్పుడు మా వైపే ఒక సర్కారు దవాఖానాలో ఉన్నాను. ఆపా మాత్రం నన్ను వదల్లేదు. రంజాన్‌కు ఫోన్ చేసేది. కొంగు ముక్కు మీదికి లాక్కుని కూతురితో దిగిన ఫొటోలు పంపేది. ఏనాడూ నన్నొక మాట అనలేదు. డాక్టరు చెప్పిన వైరసే అనుకుని, తన రాతే అంత అనేది. ఆ ఫోన్ మోగినప్పుడల్లా ఎత్తాలా వద్దా అని చూస్తూ ఉండేదాన్ని.

మొన్న మళ్లీ చేసింది. తన అక్క బిడ్డ ముస్కాన్ పెదాలకు ఫిల్లర్ వేయించుకుంటానని పట్టుబట్టిందట, ఖమ్మంలో మంచి చోటు చెప్పమంది. "ఎవర్ని నమ్మాలె? నువ్వయితే నా మంచే చూస్తవ్."

అప్పుడు చెప్పాను. ఆ పిల్లను ఎక్కడికీ పంపొద్దని ముందు చెప్పాను. తర్వాత, నీ ముక్కు పోయింది నా సూది వల్లేనని, ఆ రోజు దాన్ని నిలబెట్టే మందు ఆ డాక్టర్ దగ్గర ఉందని, అది నాకు తెలుసని, అబద్ధమాడింది నీ ఇజ్జత్ కోసం కాదు, నా కోసమని.

 

"ముస్కాన్‌ను పంపను" అని పెట్టేసింది.

మళ్లీ ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. క్షమించమని అడగలేదు, అడిగి ఆమె మీద ఇంకో బరువు ఎందుకు పెట్టాలి? రేపు ఆమె భర్త వస్తాడో, పోలీసులు వస్తారో తెలియదు. వాకిట్లో బండి ఆగిన చప్పుడైతే చేతిలో పని ఆపి వింటున్నాను. వస్తే ఏ అబద్ధం చెప్పాలా అని మాత్రం ఈసారి వెతుక్కోవడం లేదు.