స్వామి విడిచిన శాలువా

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం వచ్చిందన్న సంగతి గాలి కంటే ముందు మా తాతయ్య దగ్గు చెప్పేది. గౌలిపురలో ఇరుకు గల్లీ చివర చిన్న వేణుగోపాలస్వామి గుడి, ఆ గుడి గోడకు ఆనుకొని మా ఇల్లు. తాతయ్య అక్కడ అర్చకుడు. ఆయన తండ్రి, ఆ తండ్రి తండ్రి కూడా అదే గర్భగుడిలో దీపం పెట్టినవాళ్లు. మా నాన్న మాత్రం సర్కారు దఫ్తర్‌లో నౌకరీకి చేరాడు. కాబట్టి తాతయ్య తలుపు తీస్తేనే గుడి. తీయకపోతే ఆ రోజు స్వామికి తెల్లవారనట్టే.

ధనుర్మాసం మా గుడికి ప్రాణం. అది సరిగ్గా చలి ముదిరే నెల. ఇంకా చీకటి ఉండగానే స్వామిని మేల్కొలపాలి, అభిషేకం చేయాలి, పొంగలి ఆరగింపు పెట్టాలి. చుట్టుపక్కల గల్లీల నుంచి భక్తులు వచ్చి మండపంలో కూర్చుని, అందరూ ఒకే గొంతుగా స్తోత్రం చదివేవారు. అలా చదవడాన్నీ, చదివేవాళ్లనూ మేము గోష్ఠి అంటాం. నాకు అక్షరాల కంటే ముందు ఆ చదువే వచ్చింది. నాయనమ్మ ఒడిలో, ఆమె కొంగులో ముడుచుకొని విని నేర్చుకున్నదే ఈనాటికీ నా నోట్లో ఉంది.

తాతయ్యకు ఆ నెలంతా ఒక వ్రతం ఉండేది. గుడి వెనక హౌజులో రాత్రంతా మంచుకు చల్లబడిన నీళ్లు చెంబుతో తలమీద పోసుకునేవాడు. తడిపిన ధోతి, తడిపిన ఉత్తరీయం తప్ప సేవ అయ్యేదాకా ఒంటిమీద ఇంకో బట్ట వేసుకునేవాడు కాదు. విచిత్రం ఏమిటంటే, స్వామికి మాత్రం వేణ్నీళ్లే. పసిబిడ్డకు పోసే నీళ్లలాగా మోచేయి ముంచి చూసుకొని, వేడి ఎక్కువైతే చన్నీళ్లు కలిపి, అప్పుడు అభిషేకం చేసేవాడు. స్వామి పెదవి వణుకుతుందేమోనని అంత భయం. తన పళ్లు టకటకలాడుతున్న చప్పుడు మాత్రం ఆయన చెవికి వినపడేది కాదు.

ఒక ఏడాది ఆ వ్రతం సగంలోనే ఆయన మంచం పట్టాడు. దగ్గు ఛాతీలోకి దిగి, జ్వరం పెరిగి, ఊపిరి తీయడమే కష్టమైంది. కార్వాన్ నుంచి ఒక అర్చకుణ్ణి బతిమాలి పిలిపించారు కానీ, ఆయన సొంత గుడి పని ముగించుకొని వచ్చేసరికి ఎండ వచ్చేసేది. కొన్ని రోజులు తలుపులే తెరుచుకోలేదు. మొఘల్‌పురాలో ఉండే డాక్టర్ సాబ్ ఇంటికొచ్చి సూదులు వేసి ఎట్లాగో బతికించాడు. పోతూ పోతూ నాయనమ్మతో అన్న మాట గడప పక్కన కూర్చున్న నా చెవిలో పడింది.

"అమ్మా, ఈసారి అల్లా కాపాడిండు. మళ్లా గిట్ల తడిబట్టల మీద నిలబడితే ఇగ నా చేతుల ఏం లేదు."

మరుసటి ధనుర్మాసం వచ్చింది. వ్రతం మొదలైన కొద్ది రోజులకే తాతయ్య దగ్గు మొదలైంది. డాక్టర్ సాబ్ మళ్లీ మందు సీసా ఇచ్చాడు. అది బీరువా మీద మూత తీయకుండానే ఉండిపోయింది. సీసా నీళ్లు ఎవరు కలిపారో, ఎట్లా కలిపారో, ఈ నెలలో ముట్టనన్నాడు తాతయ్య. నేను పక్కలో పడుకొని ఆయన దగ్గుకూ దగ్గుకూ మధ్య ఊపిరి బిగపట్టి వినేదాన్ని. డాక్టర్ సాబ్ మాట గుర్తొచ్చి దుప్పటి తలమీదికి లాక్కునేదాన్ని.

నాయనమ్మ ముందు బతిమాలింది, తర్వాత పోట్లాడింది.

"వేణ్నీళ్లు కాగినయి. పోసుకోండి."

"ఈ ఒక్క నెల నన్నిడిచిపెట్టవే. ఒంటి సుఖం చూసుకుంట చేసేది ఏం సేవ?"

"నిరుడు మంచంల పడి చేసింది ఏం సేవ?"

ఆయన చెంబు తీసుకున్నాడు. హౌజు వైపు నడిచాడు. చెంబు చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దగ్గు.

మా గల్లీలో బర్రెలు పెట్టుకొని పాలు పోసే అవ్వ ఒకామె ఉండేది. ఆరగింపుకు పాలు తెచ్చేది ఆమే. తడి ధోతితో వణుకుతూ వస్తున్న తాతయ్యను చూసి పాలచెంబు కింద పెట్టింది.

"అయ్యా, నేను నా బర్రెకు గూడ గోనెపట్టా కప్పుతున్న ఈ చలికి. మీకేమైంది?"

"నీ బర్రెకు వ్రతం లేదు గదా, అవ్వా," అన్నాడు తాతయ్య.

"ఉంటే పాలియ్యది, అయ్యా. బుద్ధిమంతురాలు."

గోష్ఠికి వచ్చినవాళ్లంతా నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకొని నిలబడ్డాడు. ఎవరి నవ్వు వాళ్ల మొహం మీదే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నాయనమ్మ పోట్లాట మానేసింది. నాకు అదే ఎక్కువ భయం వేసింది. పెద్దవాళ్లు పోట్లాడుతున్నంతసేపు ఆశ ఉన్నట్టు, మానేస్తే అయిపోయినట్టు అనిపించింది. కానీ ఆ మధ్యాహ్నం ఆమె పెద్ద సందూకు తెరిచి అడుగు నుంచి ఒక ఊలు శాలువా తీసింది. మా నాన్న మొదటి జీతంతో తాతయ్యకు కొన్న శాలువా అది. మడత కూడా విప్పలేదు. తాతయ్య దాన్ని చేత్తో నిమిరి, బాగుందిరా అని, సందూకులో పెట్టించాడట. నాయనమ్మ దాన్ని ఉతికి డాబా మీద ఎండలో ఆరేసింది. అయినా పురుగు పట్టకుండా వేసిన డాంబర్ గోలీల వాసన పూర్తిగా పోలేదు.

మర్నాడు తెల్లవారుజామున గోష్ఠి మొత్తం కూర్చున్నాక, శాలువాను పళ్లెంలో పెట్టి, పైన తులసి వేసి గర్భగుడి గడప దగ్గరికి తెచ్చింది.

"స్వామికి చలి పుడుతున్నదేమో. కప్పండి."

తాతయ్య కళ్లు మెరిశాయి. తన భార్యకు స్వామి మీద ఎంత ప్రేమ అన్నట్టు చూశాడు. భుజాల నుంచి పాదాల దాకా కుదురుగా కప్పి, మెడ దగ్గర మడత సరిచేశాడు. ఆ రోజు శాలువా కప్పుకొని వేణుగోపాలుడు మా గల్లీ పిల్లవాడిలా కనిపించాడు నాకు.

ఆ మర్నాడు ఆమె ఇంకో పళ్లెం తెచ్చింది. అందులో తమ పెళ్లినాటి పట్టు ఉత్తరీయం ఉంది. ఇవాళ ఇది కప్పమంది. కొత్తది కప్పాలంటే పాతది తీయాలి. స్వామి ఒంటి మీద నుంచి తీసినది మామూలు బట్ట కాదు, శేషవస్త్రం. అది ప్రసాదం. గోష్ఠిలో ఎవరో ఒకరి భుజాల మీద కప్పి ఆశీర్వదించడం మా గుడి ఆచారం. తాతయ్య శాలువా చేతుల్లోకి తీసుకొని బయటికి వచ్చి, గోష్ఠిలో పెద్దాయన ముందు నిలబడ్డాడు. ఆయన కార్వాన్‌లో కిరాణా కొట్టు నడిపే వర్తకుడు.

పెద్దాయన చేతులు జోడించి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకంటే దీనికి తగినవాళ్లున్నరు స్వామీ."

తాతయ్య పక్కాయన వైపు తిరిగాడు. ఆయనా అదే మాటన్నాడు. ఆ పక్కాయన తలవంచుకొని స్తంభం చాటుకు జరిగాడు. పాల అవ్వ అయితే అడగకముందే, "నా బర్రెకు గోనెపట్టా ఉన్నది, నాకు గొంగడి ఉన్నది," అంది. తాతయ్యకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం నేను చూసింది చాలా తక్కువ.

"ఏంది ఇది? స్వామి విడిచిన బట్టను వద్దంటరా? ప్రసాదం వద్దన్నోడు స్వామి చెయ్యి తోసేసినట్టే. ఎన్నిసార్లు చెప్పిన మీకు!"

 అప్పుడు నాయనమ్మ మెల్లగా అంది.

"ఆ మాట ఇంకోసారి చెప్పండి. ముసలిదాన్ని, సరిగ్గ ఇనబడలే."

తాతయ్య ఆమె వైపు చూశాడు, చేతిలోని శాలువా వైపు చూశాడు.  పెద్దవాళ్లెవరికీ ఆయనకు నేరుగా చెప్పే ధైర్యం లేదని నాకిప్పుడు అర్థమవుతుంది. నాకు అప్పుడు అవేవీ తెలియవు. నాకు తెలిసింది దగ్గు ఒక్కటే. నాయనమ్మ కొంగు వదిలి గట్టిగా అరిచాను. "తాతయ్యకు కప్పుండ్రి! తాతయ్యకు చలి పెడుతున్నది!"

పెద్దాయన ముందుకొచ్చి తాతయ్య చేతుల్లోంచి శాలువా తీసుకున్నాడు. తడి ఉత్తరీయం తొలగించి, ఆ శాలువా ఆయన భుజాల మీద కప్పాడు.  తాతయ్య అందరి మొహాల వైపు చూసి అన్నాడు.

"మీరంత కలిసి నా మీద కుట్ర జేసిండ్రు."

"కుట్ర గాదు స్వామీ, గోష్ఠి తీర్మానం," అన్నాడు పెద్దాయన.

తాతయ్య శాలువా అంచును కళ్లకద్దుకున్నాడు. అద్దుకున్న చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. అప్పుడు ఆయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు స్తోత్రం మాత్రం పెద్దాయన మొదలుపెట్టాల్సి వచ్చింది.

దారి దొరికాక నాయనమ్మ ఆగుతుందా? మిరియాలు, శొంఠి, తులసి వేసి కాచిన కషాయం పొంగలి పక్కన ఆరగింపుకు వచ్చింది. తీర్థం తర్వాత మొదటి గిన్నె అర్చకులది. ఆ వెనకే బీరువా మీది మందు సీసా వచ్చింది, మెడకు తులసి దండతో.

"దీన్ని గూడ ఆరగింపు పెట్టమంటవా?" అన్నాడు తాతయ్య.

"ఆరగింపు వద్దు. పాదాల కాడ పెట్టండి, చాలు. ధన్వంతరి ఎవరి అవతారమో మీరే చెప్పింది గదా."

తాతయ్యకు పురాణం నేర్పవలసిన అవసరం ఎవరికీ లేదు. కానీ ఆయన చెప్పిన పురాణం ఆయనకే వినిపించవలసిన అవసరం అప్పుడు వచ్చింది. సీసాను పాదాల దగ్గర పెట్టాడు. డాక్టర్ సాబ్ చెప్పిన పూటకు చెప్పినంత తాగాడు. స్నానానికి రెండు బిందెలు కాగడం మొదలైంది. ఒకటి స్వామికి, ఒకటి ఆయనకు. మొదటి రోజు తన బిందెలో కూడా అలవాటుగా మోచేయి ముంచి చూసి, తనలో తాను నవ్వుకున్నాడు.

ఇంతవరకు నాయనమ్మ చేసింది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పకుండా తాతయ్యే చేశాడు. నేను ఎక్కువసార్లు తలచుకునేది దాన్నే.

మా గుడి వంటశాలలో ఒక నియమం ఉంది. స్వామికి అన్నం వండేవారు ముక్కూ నోరూ కప్పేలా శుభ్రమైన గుడ్డ కట్టుకుంటారు. ఊపిరి ఆ అన్నం మీద పడకూడదు. దగ్గు పూర్తిగా తగ్గని ఒక తెల్లవారుజామున తాతయ్య ఆ గుడ్డ కట్టుకొని మండపంలోకి వచ్చాడు. అందరూ వింతగా చూశారు.

"స్వామి తినే అన్నం మీద నా ఊపిరి పడొద్దని కట్టుకుంటం," అన్నాడు. "మీ అందరిలో ఉన్నది ఆ స్వామి గాడా? మీ మీద పడితే ఫర్వాలేదా?"

దగ్గు తగ్గేదాకా తీర్థం ఇచ్చే పని మా నాన్నకు అప్పజెప్పి, తాను దూరంగా కూర్చున్నాడు. దఫ్తర్‌కు పోయే మా నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఉద్ధరిణె పట్టుకొని గోష్ఠికి తీర్థం పోశాడు. తాతయ్య దూరం నుంచే కళ్లతో నేర్పాడు. చలికని మండపం కిటికీలకు కట్టిన గోనెపట్టాలు కూడా తీయించాడు, అంతమంది ఊపిరి ఒకే గదిలో తిరగొద్దని. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను ఇంట్లోనే ఉండి విశ్రాంతి తీసుకోమన్నాడు. ప్రసాదం మాత్రం వాళ్ల ఇళ్లకు పంపేవాడు. వేడివేడి మిరియాల పొంగలి గిన్నె మూతపెట్టి, గుడ్డలో చుట్టి, నాయనమ్మా నేనూ గల్లీ గల్లీ తిరిగి ఇచ్చి వచ్చేవాళ్లం. రాలేనివాళ్ల ఇంటికి స్వామే వెళ్తాడని ఆమె చెప్పేది. ఆ గిన్నె వేడి ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

ఆ నెల పూర్తయ్యేసరికి తాతయ్య గొంతు తిరిగొచ్చింది. చివరి రోజు స్వామి కల్యాణంలో అందరికంటే గట్టిగా చదివింది ఆయనే. శాలువా భుజాన ఉంది. మళ్లీ ఎన్నో ధనుర్మాసాలు చేశాడు. నా పెళ్లిలో తలంబ్రాల బియ్యం కలిపింది కూడా ఆయన చేతులే. తర్వాత ఆ చేతుల్లోని పని మా నాన్న చేతుల్లోకి వచ్చింది, దఫ్తర్‌కు పోయే ముందు పొద్దున పూట. గుడి తలుపు మూతపడలేదు.

శరీరాన్ని కష్టపెడితేనే భక్తి అనుకునే రోజులు నాకూ వచ్చాయి. అప్పుడు నాకు ఆ రెండు బిందెలు గుర్తొస్తాయి. దీపం స్వామిదే, ప్రమిద మనది. ప్రమిద పగిలిపోతే నూనె ఎక్కడ పోస్తాం? మొన్నీమధ్య లోకమంతా నోటికి గుడ్డ కట్టుకున్న రోజుల్లో పిల్లలు విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు. నా కళ్లకు ఊరంతా వంటశాలలో నిలబడినట్టు, ఎదుటివాడిలోని దేవుడికి అన్నం వండుతున్నట్టు కనిపించింది.

ఈ చలికాలం డాక్టరమ్మ నన్ను టీకా వేయించుకోమంది, తెల్లవారుజామున తల కప్పుకోకుండా గుడికి పోవద్దంది. ఈ వయసులో ఇంకేం వస్తుందిలే అని వాయిదా వేస్తూ వచ్చాను. నిన్న పొద్దున మా కోడలు దేవుడి గది నుంచి పళ్లెం పట్టుకొని వచ్చింది. అందులో నా ఊలు స్వెటరు, చెవులు కప్పే కుల్లా టోపీ, పక్కన ఆస్పత్రి చీటీ. మూడింటి మీదా తులసి.

"స్వామి కాడ పెట్టిన, అత్తమ్మా. ప్రసాదం," అంది, నవ్వు ఆపుకుంటూ.

ఈ విద్య ఎక్కడిదో నాకు తెలుసు. దీనికి అడ్డం చెప్పే మాట ఏదీ లేదనీ తెలుసు. రెండు చేతులూ చాచాను.