కచ్చా కుట్టు మీద నడిచిన ల్యాప్‌టాప్

ఆ వీధిలో ఆమెను అందరూ ఆల్టరేషన్ అక్క అంటారు. కొత్త బట్టలు కుట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బిగుసుకుపోయిన చొక్కాను వదులు చెయ్యాలన్నా, చిరిగిన కోటుకు ఆయుష్షు పొయ్యాలన్నా ఆమె గుమ్మం తొక్కాల్సిందే. అయితే ఆ పనిలో ఒక అన్యాయం ఉంది. ఎంత బాగా కుదిరితే కుట్టు అంతగా కనిపించదు. అందుకే ఫలానా ఆవిడ చేసిందని ఎవరూ చెప్పుకోరు.

ఒకరోజు కూతురు పాత ల్యాప్‌టాప్ మూత టప్పున మూసింది.

“అమ్మా, నేను ఆన్‌లైన్ డ్రాయింగ్ క్లాసు మానేస్తున్నా. ఇది తెరుచుకునేలోపు అక్కడ పాఠం అయిపోతోంది.”

రిపేరు షాపతను కూడా పెదవి విరిచాడు. “తుక్కులో వేసెయ్యండక్కా. మనసొప్పకపోతే విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ అని ఒకటుంది, పాతవాటి మీద తేలిగ్గా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను, మిగతాది మీ ఓపిక.”

తుక్కు అన్న మాటకు ఆమెకు ఒళ్లు మండింది. పెన్‌డ్రైవ్ తెచ్చి, ఫోన్లో వీడియో చూస్తూ, అందులో చెప్పిన మీటలన్నీ నొక్కింది. తెర వెలిగింది. లోపలున్న పాతదాన్ని ముట్టుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ మీదే వాడి చూడొచ్చట.

“ఓసి, ఇది కచ్చా కుట్టే కదే!” అని నవ్వింది. అసలు కుట్టు వేసే ముందు వదులుగా కుట్టి, ఒంటి మీద సరిచూడటం ఆమెకు రోజూ ఉన్న పనే.

కూతురు ఆ సాయంత్రమంతా కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ బొమ్మ గీసింది. పొద్దున పెన్‌డ్రైవ్ లేకుండా తెరిస్తే మళ్లీ ఆ పాత రొప్పుడే. బొమ్మ లేదు. పిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆమె నెత్తి కొట్టుకుంది. “నాదే బుద్ధి తక్కువ. కచ్చా కుట్టు మీదే బట్ట ఇచ్చి పంపేశాను. లాగితే ఊడిరాదూ మరి!”

ఈసారి కూతురి పాత బొమ్మలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే అసలు పనికి దిగింది. డిస్కు మొత్తం తుడిచెయ్యాలా అని అడిగింది తెర. ఖరీదైన పట్టును కూడా తొణక్కుండా కత్తిరించే చెయ్యి అక్కడ ఆగిపోయింది.

“ఇంకోసారి ఆలోచించు, పోతే మొత్తం పోతుంది” అన్నాడు భర్త.

“రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎలాగండీ?” అని నొక్కేసింది.

తెర మీద పని ఎంతైందో చూపే నీలం గీత నత్తనడక నడుస్తుంటే పక్కనే కూర్చుని గుండీలు కుట్టింది, ఒక కన్ను దాని మీదే వేసి. పని పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ లాగేసి మళ్లీ ఆన్ చేసింది. సూదిలో దారం ఎక్కించేలోపే తెర తెరుచుకుంది. కూతురు ఆ బొమ్మే మళ్లీ గీసి, దాచి, మూసి తెరిచింది. బొమ్మ అక్కడే ఉంది!

మర్నాడు క్లాసులో ఎవరో అడగడం మిషను దగ్గరున్న ఆమెకు వినిపించింది.

“కొత్తది కొన్నావా? ఎంత బాగా నడుస్తోందో!”

“కొనలేదు” అంది కూతురు, గది దద్దరిల్లేలా. “పాతదే. మా అమ్మ ఆల్టరేషన్ చేసింది.”

ఆమె కాలు మిషను మీద ఆగిపోయింది. ఆ పూట రెండు చొక్కాలకు గుండీలు తారుమారుగా కుట్టింది. అవి విప్పి మళ్లీ కుడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.