మెరిసే అయస్కాంతం, చారల రొయ్య

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తగ్గిందా అని ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ళ మీద వస్తుంది. అల్వాల్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ, మారేడ్‌పల్లిలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షనిస్టుగా చేరి అప్పటికి నెలన్నర. పిల్లలు ఏడవకుండా ఆవిడ హాల్లో పెద్ద గాజు తొట్టె పెట్టించింది (పెద్దవాళ్ళూ దాన్ని చూస్తూనే ధైర్యం తెచ్చుకునేవారు, పైకి చెప్పేవారు కాదు). మామూలు తొట్టె కాదు, సముద్రపు చేపలుండే ఉప్పునీళ్ళ తొట్టె. అందులో రెండు నారింజరంగు చేపలు, ఒక ఎర్రచారల రొయ్య. చేపల ఒళ్ళంతా శుభ్రం చేస్తుంది గనుక పిల్లలు ఆ రొయ్యకు ‘చిన్న డాక్టర్’ అని పేరు పెట్టారు. కూతురి పురిటికని వైజాగ్ వెళ్తూ డాక్టరమ్మ తాళాలు నా చేతిలో పెట్టి, “నీళ్ళు తిప్పే పంపు ఆగకూడదు. వీటికేమైనా అయిందో, నువ్వింక బందరు బండి ఎక్కడమే” అని నవ్వింది. నవ్వుతూ అన్న మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

పంపును గాజుకు పట్టి ఉంచే రబ్బరు కప్పులు మర్నాడే ఊడాయి. అతికించాను, ఊడాయి. మళ్ళీ అతికించాను, మళ్ళీ ఊడాయి. అప్పుడు తిట్టిన తిట్లు పిన్ని వింటే ఆదివారం నన్ను చర్చికి రానిచ్చేది కాదు. గాజుకు లోపలొకటి, బయటొకటి అయస్కాంతాలు పెట్టి, లోపలిదానికి పంపును కట్టేస్తే సరి అని తోచింది. నా తెలివికి నేనే మురిసిపోయి రెజిమెంటల్ బజార్‌కు ఆటో ఎక్కాను. అక్కడ పాత స్పీకర్లు, విప్పేసిన కంప్యూటర్లు అమ్మే పెద్దాయన దుకాణంలో, వెండిలా మెరిసే ముక్కలు రెండు ఏరుకున్నాను.

“ఉప్పునీళ్ళల్లకా? గవి ఒద్దు బిడ్డా” అన్నాడాయన. “మీద మెరుస్తయ్ గని, పూత లేస్తే లోపటంత తుప్పే. గీ నల్ల బిళ్ళలు తీస్కపో. జెర బలం తక్కువ, గని తుప్పు పట్టయ్. ఇవి సుత ప్లాస్టిక్ డబ్బీల పెట్టి, నీళ్ళు చొరకుంట సీలు వెయ్యి.”

నల్ల బిళ్ళలు చూస్తే అంచులు విరిగి, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆడపిల్ల కదా అని అమ్ముడుపోని సరుకు అంటగడుతున్నాడన్నమాట!

“ఉప్పునీళ్ళ సంగతి మీరు నాకు చెప్పక్కర్లేదండీ. మాది బందరు!”

“అయితే మంచిగనే ఆయె. ఉప్పు ఇనుముని ఏం జేస్తదో నీకే ఎర్కుంటది” అన్నాడు తాపీగా.

ఎరుకే మరి! ఉప్పుగాలికి మా ఇంటి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలుతుంటే అమ్మ ఏటా రంగు వేయించేది. ఆ పొరలు గోటితో గీకి తన్నులు తిన్నదాన్ని నేను. కానీ కోపంలో బుర్ర పనిచేస్తే ఇంకేం కావాలి? మెరిసేవే కొని విసవిసా వచ్చేశాను.

వారం రోజులు పంపు కదిలితే ఒట్టు. ఎనిమిదో నాడు తాళం తీసేసరికి లోపలి అయస్కాంతం ఉబ్బి, పూత పగిలి, గాజు మీద గోధుమరంగు చారలు కారుతున్నాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. రొయ్య ఇసుకలో పక్కకు ఒరిగిపోయి ఉంది. వేలితో తాకితే కదల్లేదు. అప్పుడు బుద్ధున్న మనిషి నీళ్ళు మారుస్తుంది. నేను ఆ తుప్పు ముక్కను పీకి సంచిలో వేసుకుని, పెద్దాయన మీదికి పోట్లాటకు వెళ్ళాను.

“ఇలాంటివి ఎందుకమ్మారు?”

“నేను ఒద్దంటనే ఉన్న, నువ్వు కొంటివి.”

“ఇంకా గట్టిగా వద్దనాలి కదా!”

దుకాణంలో నలుగురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన నవ్వలేదు. నల్ల బిళ్ళలు రెండు నా చేతిలో పెట్టి, “నాతోని లొల్లి తర్వాత బిడ్డా. చేపలు బతికున్నయా? ఉంటే జల్ది పోయి నీళ్ళు మార్చు” అన్నాడు. డాక్టరమ్మ కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా బకెట్లు మోశాను. బిళ్ళలకు సీలు ఆరేవరకు పంపును తొట్టెలోని రాళ్ళ మధ్య ఇరికించాను (ఆ పని మొదటిరోజే చేయొచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. అడక్కండి). చేపలు దక్కాయి.

‘రొయ్య దానంతటదే పోయిందండీ’ అని రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాను. డాక్టరమ్మ వచ్చి తొట్టెలోకి వంగి, “మన చిన్న డాక్టరేడీ?” అంది. నోరు తెరిస్తే, “నేనే చంపాను మేడమ్” అని వచ్చింది. తర్వాత అంతా వచ్చింది.

ఆవిడ కుర్చీలో కూలబడింది. “ఆ మెరుపు కింద రాగి ఉంటుందమ్మా, అది నీళ్ళలో కరిగితే విషమే. చేపలు కాస్త ఓర్చుకుంటాయి, రొయ్యలు ఓర్చుకోలేవు. తొట్టె పెట్టిన కొత్తలో నేనూ అలాంటి అయస్కాంతమే పెట్టి రెండు రొయ్యల్ని పోగొట్టుకున్నాను” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి వెళ్ళేముందు ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదండీ!” అని అరిచాను. ఉద్యోగం ఊడబోతున్న మనిషి అరవాల్సిన అరుపేనా అది!

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “చెప్తే వినేదానివా?” అంది.

ఉద్యోగం ఊడలేదు. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకోవాల్సింది పోయి, ఆ మాటకు తగిన జవాబు వెతుక్కుంటూ, దొరక్క పళ్ళు నూరుకుంటూ అల్వాల్ దాకా బస్సులో వెళ్ళాను. ఇన్నేళ్ళయినా జవాబు దొరకలేదు. బస్సులో మొహం ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల తలపుకొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. రొయ్య గుర్తొచ్చినప్పుడు మాత్రం కోపమే, అదీ నా మీదే.