చేబదులు తూటా

రైఫిల్ ఎంచుకోవడానికి నాకు పట్టినంత కాలం పెళ్ళికూతుర్ని ఎంచుకోవడానికి పట్టలేదని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. నిజమే. పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారేలోపే సరేనన్నాను. రైఫిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం వేసవి మొత్తం వీడియోలు చూస్తూ, తెలిసినవాళ్ళ బుర్రలు తింటూ గడిపాను కానీ ఏదీ తేల్చుకోలేకపోయాను.

అంతకుముందు మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో ఉండేవాళ్ళం. ఆ ఇల్లు అమ్మేసి గిప్స్‌ల్యాండ్ కొండల కింద కాస్త పొలం కొన్నాం. ఆఫీసు పని ఇంటినుంచే చేసుకుంటూ మేకలు పెంచుదామన్న గొప్ప ఆలోచన నాది. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఆదివారం మేకమాంసం కోసం ఎంత వెతుకులాటో నాకు తెలుసు. కుక్కల సంగతి మాత్రం తెలియదు. ఇక్కడి అడవికుక్కలు ఆకలికే కాదు, ఆటకి కూడా చంపుతాయి. మొదటి ఏడాది పుట్టిన మేకపిల్లల్లో సగం వాటి పాలయ్యాయి. కంచె ఎత్తు పెంచాం. అల్పాకా అని పొడుగు మెడ జంతువొకటుంది, దాన్ని కాపలా పెడితే కుక్కలు దగ్గరికి రావని ఎవరో చెబితే అదీ తెచ్చాం. కుక్కలు వచ్చినప్పుడు అందరికంటే ముందు పారిపోయేది అదే.

చివరికి లైసెన్సు తీసుకున్నాను. పోలీసాయన వచ్చి, గోడకి బిగించిన ఇనప్పెట్టెని రెండు చేతులతో గుంజి చూసి, తూటాలకి వేరే తాళం ఉందా అని అడిగి వెళ్ళాడు. ఇక కొనడమే మిగిలింది. మా దగ్గర్లో ఉన్న చిన్న టౌనులో తుపాకుల కొట్టుకి వెళ్ళి, వీడియోల్లో నేర్చుకున్నదంతా కొట్టాయన ముందు ఒప్పజెప్పబోయాను. ఆయన మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు.

"ఏ రైఫిల్ అన్నది తర్వాత. ముందు ఏ తూటా దొరుకుతుందో చూసుకో" అన్నాడు.

ఒక్కో రైఫిల్ గొట్టానికి ఒక్కో సైజు తూటానే పడుతుంది. ఆ సైజునే క్యాలిబర్ అంటారు. ఒకసారి ఎంచుకున్నాక ఆ తూటాతోనే కాపురం. అది దొరక్కపోతే ఎంత ఖరీదైన రైఫిలైనా ఇనప్పెట్టెలో కర్రతో సమానం. ఎక్కడో యుద్ధాలు జరుగుతుంటే ఇక్కడ ఆయన వెనక అరలు ఖాళీగా ఉన్నాయి. ట్వంటీటూ అనే చిన్న తూటాలు మనిషికి ఒక్క పెట్టె ఇస్తున్నాడు, కానీ అవి కుందేళ్ళకే తప్ప కుక్కలకి చాలవు. అందరూ వాడే టూ-ట్వంటీ-త్రీ అందరూ వాడతారు కాబట్టే ముందు అయిపోయింది. త్రీ-నాట్-ఎయిట్ ఉంది కానీ ఆ ధర చూస్తే కుక్కకి మేకని సమర్పించుకోవడమే చవక అనిపించింది.

ఏమీ కొనకుండా ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం పక్క పొలం ముసలాయనతో కంచె దగ్గర మాట్లాడాను. భార్య పోయాక ఒంటరిగా ఆవుల్ని చూసుకుంటున్న మనిషి. మా ఆవిడ ఆయన్ని అంకుల్ అంటుంది, ఆయనకది భలే సరదా. ఆయన రైఫిల్ టూ-ఫార్టీ-త్రీ. కొట్లో చివరి అరలో ఆ సైజు ఒకే ఒక్క పెట్టె చూసినట్టు గుర్తొచ్చింది. వెంటనే నిర్ణయం జరిగిపోయింది. మా అమ్మ కొత్త ఇంట్లోకి దిగితే మొట్టమొదట చూసేది పక్కింట్లో తోడుకి పెరుగు దొరుకుతుందా లేదా అని. ఏ క్యాలిబర్ మంచిదో నాకెందుకు? పక్కింటి క్యాలిబరే నా క్యాలిబర్. నా దగ్గర లేనప్పుడు ఆయన దగ్గర, ఆయన దగ్గర లేనప్పుడు నా దగ్గర. ఇద్దరికీ లైసెన్సు ఉంది కదా.

"ఇన్ని నెలలు చదివింది ఇందుకా? చేబదులు దొరుకుతుందని కొంటున్నావా?" అంది మా ఆవిడ. నవ్వింది కానీ కాదనలేదు.

రైఫిల్ వచ్చాక ముసలాయన నాచేత గురి సరిచేయించాడు. దూరాన అట్టముక్క పెట్టి, కాల్చడం, రైఫిల్ మీది దుర్భిణి మర తిప్పడం, మళ్ళీ కాల్చడం. ఒక్కో తూటా పేలినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. ఇక చాలని బతిమాలాను. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుందని నాకే తెలుసు. "మేట్, ఇక్కడ పొదుపు చేస్తే ఆ బాకీ జంతువు తీరుస్తుంది. నడుము విరిగి పొదల్లోకి పాక్కుంటూ పోతుంది" అన్నాడాయన. ఆ మాటతో నోరు మూసుకుని కాల్చాను. పెట్టెలో నాలుగోవంతు మిగిలేసరికి గుండు అనుకున్నచోట పడింది.

ఆ తర్వాత వారానికే మా ఆవిడకి నెల తప్పిందని తెలిసింది.

మాకు అది మూడోసారి. అంతకుముందు రెండుసార్లు ఆస్పత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చాం. అందుకని ఈసారి ఎవరికీ చెప్పలేదు, గుంటూరులో ఉన్న మా అత్తమామలకి తప్ప. అత్తగారు ఫోన్లో సంతోషం కూడా భయంభయంగానే పడింది. తర్వాత నన్ను పిలిచింది. "బాబూ, నువ్వు కొబ్బరికాయ కొట్టకు, గుమ్మడికాయ కొట్టకు. ఏ ప్రాణినీ చంపకు. కడుపుతో ఉన్నమ్మాయి మొగుడు ప్రాణం తియ్యకూడదు నాయనా. మీ మామగారు మరీమరీ చెప్పమన్నారు" అంది.

సరేనండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక కొత్త రైఫిల్ గురించి ఏదో వెటకారం ఆడబోయాను. మా ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి" అంది.

"నువ్వు కూడానా?"

"నాకు లాజిక్ చెప్పొద్దు. పోయినసారి లాజిక్‌గానే ఉన్నాంగా. ఏమైంది? ఒట్టెయ్యి."

వేశాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ రెండుసార్లు పోగొట్టుకున్నవాడికి, నమ్మకం లేదని పైకి అనే ధైర్యం కూడా ఉండదు.

ముసలాయనకి సంగతి చెప్పాల్సి వచ్చింది. ఎగతాళి చేస్తాడనుకున్నాను. గడ్డం గోక్కుని, తన భార్య కడుపుతో ఉన్నప్పుడు అపశకునమని ఇంట్లో కొత్త బూట్లు బల్లమీద పెట్టనిచ్చేది కాదని చెప్పాడు. ఆ చలికాలమంతా కుక్కల పని ఆయనే చూశాడు. కొన్నాళ్ళకి ఆయన తూటాలు నిండుకున్నాయి, కొట్లో సరుకు రాలేదు, నావి తీసుకెళ్ళాడు. నేను కొన్న రైఫిల్ పెట్టెలో నిద్రపోతుంటే నా తూటాలు పక్కింటి రైఫిల్లో పేలేవి. చలి తగ్గుతుండగా ఆయనకి ఎక్కడో ఒక పెట్టె దొరికింది. తీసుకున్నన్నీ గుప్పిట్లో పట్టుకొచ్చి చేబదులు తీర్చాడు. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేశాను.

వసంతం వచ్చేసరికి మా ఆవిడకి ఏడో నెల. మేకలు ఈనే కాలం కూడా అదే. ఈనే మేకల దగ్గరికి అస్సలు వెళ్ళొద్దని, గర్భిణులకి దానివల్ల జబ్బులు అంటుకుంటాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని తను ఇంటి దగ్గర చిన్న గేటు వరకే వచ్చేది. అక్కడ నిలబడి, ఏది ఈనుతోందో, ఏది ఎడంగా పోయిందో నాకు కేకేసి చెప్పేది.

ఆ మధ్యాహ్నం నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. తన కేక వినిపించింది. మాటలు కాదు, వట్టి కేక. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. చెట్ల పక్కన గోధుమరంగు కుక్క ఒకటి మేకని వెనకనుంచి పట్టుకుని ఊపుతోంది. అరుచుకుంటూ, చేతికందిన రాయి విసురుతూ పోయాను. కుక్క వదిలేసి తీరుబడిగా పొదల్లోకి వెళ్ళిపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా.

మేక వెనక భాగం ఎలా ఉందో రాయను. అప్పుడే ఈనింది. తడితడిగా ఒక పిల్ల దాని మూతి ముందు గడ్డిలో ఉంది. లేవలేక, ముందుకాళ్ళ మీద ఆనుకుని, ఆ మేక పిల్లని నాకుతూనే ఉంది. మధ్యమధ్యలో ఒళ్ళంతా వణికేది. వణుకు ఆగగానే మళ్ళీ నాకేది.

ముసలాయనకి ఫోన్ చేశాను. కంటి ఆపరేషన్‌కి మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. "మేట్, దాన్ని అలా ఉంచకు. నీ దగ్గర రైఫిల్ ఉంది" అన్నాడు. పశువుల డాక్టరు రావడానికి చీకటి పడుతుందని వాళ్ళ ఆఫీసులో అమ్మాయి చెప్పింది. ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడిపోయాను. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదే. ఇక్కడ దీని ప్రాణం. అక్కడ గేటు దగ్గర, రెండు చేతులూ పొట్ట కింద ఆనించుకుని నిలబడ్డ మనిషి. ఈ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా కాళ్ళు కదల్లేదు.

"బతుకుతుందా?" అని గేటు దగ్గర్నుంచి అడిగింది.

"బతకదు."

"అంకుల్?"

"ఊళ్ళో లేడు. డాక్టరు వచ్చేసరికి చీకటి పడుతుందట."

మేక మళ్ళీ వణికింది. ఈసారి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మా ఆవిడ గేటు ఊచ గట్టిగా పట్టుకుంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశాను" అంది. చిన్నప్పుడు ఆటల్లో అనే మాట. తన గొంతులో ఆట లేదు. "పెట్టించుకుంది నేనే కదా, నేనే తీసేస్తున్నా. వెళ్ళి తీసుకురా. త్వరగా."

ఒక తాళం తీసి రైఫిల్, ఇంకో తాళం తీసి తూటా. చేతిలో ఉన్నది ముసలాయన తిరిగిచ్చిన వాటిల్లో ఒకటి. పిల్లని తల్లి మూతి ముందునుంచి ఎత్తి చొక్కాలో పెట్టుకున్నాను. అది పిలిచింది. తల్లి తల పైకెత్తింది. దుర్భిణిలోంచి చూస్తే వెంట్రుకల మసక తప్ప ఏమీ కనపడలేదు. అంత దూరానికని సరిచేసిన గురి, చేతికందేంత దగ్గర్లో ఎందుకు పనికొస్తుంది? ఒక వేసవంతా ఏ క్యాలిబర్ అని తల బద్దలు కొట్టుకున్నాను. ఆ క్షణంలో ఏదైనా ఒకటే. దుర్భిణి మానేసి, గొట్టం వెంట చూసి, కాల్చాను. ఒకే దెబ్బకి పోయింది.

గేటు వైపు చూశాను. తను తల తిప్పుకోలేదు.

"పాలు పిండు. ఆ పిల్లకి మొదటి పాలు కావాలి" అని తన నీళ్ళ సీసా ఒంపేసి ఊచల మీదుగా విసిరింది. ప్రాణం పోయాక కూడా పొదుగు వెచ్చగా ఉంది. ఏడుస్తూనే పిండాను. పసుపచ్చగా, చిక్కగా వచ్చాయి జున్నుపాలు.

నేను తిరిగి వచ్చేసరికి తను మెట్ల మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది.

"తుపాకీ పేలినప్పుడు ఉలిక్కిపడింది" అంది పొట్ట మీద చెయ్యి పెట్టుకుని. "ఆ తర్వాత కదల్లేదు."

చల్లటి నీళ్ళు తాగింది. ఎడమపక్కకి తిరిగి పడుకుంది. పంచదార నోట్లో వేసుకుంది. ఏమీ లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. ఆ కంగారులో కూడా రైఫిల్ పేలకుండా దాని బోల్ట్ తీసి, పెట్టెలో పెట్టి, రెండు తాళాలూ వేసి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చాను. మేకపిల్లని అట్టపెట్టెలో పెట్టి వెనక సీట్లో ఉంచాను. డాక్టరమ్మ హెచ్చరిక గుర్తున్నా, వదిలేసి వెళ్ళడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

దారి పొడుగునా తను పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. నేను మాత్రం లోపల వాదిస్తూనే ఉన్నాను. తుపాకీ శబ్దానికి బిడ్డ పోదు. మేక చావుకీ దీనికీ ముడి లేదు. అత్తగారి మాట వట్టి చాదస్తం. ప్రతి వాదనా సరైనదే, ప్రతిదాని చివరా నా చూపుడువేలు గుర్తొచ్చేది. ఏదైనా జరిగితే, తను నన్ను ఒక్క మాట అనకపోయినా, జీవితాంతం ఆ వేలు నా కళ్ళముందే ఉంటుందని భయం వేసింది. చాలా భయం వేసింది.

ఆస్పత్రిలో నర్సు పొట్టకి బెల్టు కట్టి, మిషన్ పెట్టి, అటూ ఇటూ జరిపింది. బరబరమని గీసిన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ జరిపింది. మా ఆవిడ పైకప్పు వైపు చూస్తోంది. ఉన్నట్టుండి కుట్టుమిషన్ పరుగెత్తినట్టు శబ్దం గదంతా నిండింది.

"దేర్ యూ గో. నిద్రపోతోంది మహారాణి" అంది నర్సు ఇంగ్లీషులో.

మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ నా చొక్కా చూసి, "ఆ రక్తంతోనే వచ్చావా? వీళ్ళు పోలీసుల్ని పిలుస్తారు" అని తిట్టింది. కాసేపటికి బిడ్డ తన్నింది. తను నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది.

తిరిగి వస్తుంటే అత్తగారు ఫోన్ చేసింది, కారు స్పీకర్లో. సరిగ్గా అప్పుడే వెనక పెట్టెలోంచి మేకపిల్ల ఏడ్చింది.

"ఎవరిదే ఆ ఏడుపు?" అంది అత్తగారు కంగారుగా.

"మేకపిల్లమ్మా. పొద్దు వాలేలోపు పాలు పట్టాలి. ఆయన సీసాలో పెట్టారు."

"తల్లేదీ?"

మా ఆవిడ నావైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

"కుక్క పట్టింది. ఆయన దాన్ని బాధ పడనివ్వలేదమ్మా" అంది.

అత్తగారు ఏదో దేవుణ్ణి తలుచుకుంటూ గొణుక్కోవడం వినిపించింది.

"కడుపులో బిడ్డ కదులుతోందా?" అని అడిగింది.

"కదులుతోంది."

"అయితే ఆ మేకపిల్లకి ముందు పాలు పట్టమను" అంది అత్తగారు. "ఇది మీ నాన్నకి చెప్పకు."